కాడిమానుకు కట్టిన కప్ప

మొన్న మా మనవడి స్కూల్లో నాటకం ఉండాదంటే నేనూ పోయింటి. బెంగుళూరు నుంచి వచ్చినారంట, పిల్లోళ్ళ కోసమే నాటకాలాడే జనం. అనంతపురానికి ఇట్లాంటివి కూడా వస్తాండాయా అని నాకే ఆశ్చర్యమాయె. ఏనుగు వేషం ఎంత బాగా చేసినారంటే దాని చెవులు కూడా ఊగుతాండాయి. ఒక పిల్లోడు ఏనుగును చూసి ఏడ్సినాడు. ఇంగొకడు దాని తోక పట్టుకోవల్లని స్టేజి మీదికే ఎక్కబోయినాడు. నాకు బలే సంతోషమాయె. బయటికొచ్చి ఆటో ఎక్కినాంక మనవడు అడిగినాడు.

"అవ్వా, మీ ఊర్లో పిల్లోళ్ళ నాటకాలు ఉండెనా? నువ్వెప్పుడన్నా చూసినావా?"

"చూసేదేందిరా? వేషమే కట్టినా."

"ఏం వేషం?"

"కప్ప."

వాడు కడుపు పట్టుకొని నగినాడు. ఆటో అబ్బి కూడా అద్దంలో నన్ను చూసి మీసాల కింద నగుకున్యాడు. నగండప్పా, బాగా నగండి! మీకేం తెలుసు ఆ కప్ప సంగతి. రాజు వేషాలు కట్టినోళ్ళు చానామంది ఉంటారు. నా మాదిరి కప్పను కట్టినోళ్ళు ఈ జిల్లాలో ఇంగొకరుంటే రమ్మనండి, నేనే ఎదురుపోయి దండ వేస్తా.

మా ఊరు బెళుగుప్ప పక్క. ఎర్రమట్టి, గులకరాళ్ళు, చెనిక్కాయ చేన్లు. ఊరి నడుమ ఒక రాతికట్ట ఉండె. దాన్ని ఆటకట్ట అంటాంటిమి. పంట ఇంటికొచ్చినాంక ఆ కట్ట మీద పెద్దోళ్ళు ఆట, అంటే వీధినాటకం, ఆడతాండ్రి. పొద్దు గుంకినాంక మొదలుపెడితే తెల్లారేదాకా ఆటే. మా జేజినాయనది, అంటే మా నాయన వాళ్ళ నాయనది, రాజు వేషం. ఆయన కిరీటం పెట్టుకొని ఒక్క కేక వేస్తే కట్ట కింద పండుకున్న కుక్కలు లేసి పరిగెత్తుతాండె. ఆయన్ని చూడను కుందుర్పి నుంచి కూడా బండ్లు కట్టుకొని వస్తాండ్రి.

మేం పిల్లోళ్ళం ముందర సాపల మీద కూచొని, రాజు ఎప్పుడొస్తాడా అని కండ్లు నులుముకుంటా చూసి, ఆయన వచ్చి మొదటి పద్యం ఎత్తుకుంటానే నిద్రపోతాంటిమి. మాకు అర్థమైతే గదా! యుద్ధాలన్నీ అయిపోయినాంక మా అమ్మలు మమ్మల్ని భుజాన వేసుకొని ఇంటికి పోతాండ్రి. తెల్లారి లేసి "రాజు గెల్చినాడా?" అని అడుగుతాంటిమి. మా బాల్యంలో ఆట అంటే అంతే.

జేజినాయనకు ఒక దిగులుండె. మా నాయనకు గొంతు ల్యాదు, పైగా నలుగుర్లో నిలబడాలంటే చెమట్లు పట్టే మనిషి. "నాతోనే ఈ ఇంట్లో గెజ్జె ఆగిపోతాది" అని జేజినాయన సంగటి ముద్ద ముందర పెట్టుకొని పెండ్లాంతో, మా జేజితో, అంటాండె. నేను పక్కనే కూచొని ఊరిబిండి పచ్చడి నాక్కుంటా వింటాంటి. ఆ ఇంట్లో నేనొకదాన్ని ఉండా గదా! ఆయన కంటికి నేను కనపడను కూడా కనపడల్యా. ఆయన పద్యాలన్నీ నాకు నోటికొచ్చు. గొడ్ల కొట్టంలో దూడ ముందర నిలబడి ఎన్ని మార్లు రాజు వేషం ఆడింటినో ఆ దూడకే తెల్సు. నన్ను ఆటగాళ్ళ లెక్కలో ఎప్పుడు వేసుకుంటాడా అని కాసుకొని ఉంటి.

ఆ ఏడు వాన మొకమే చూడల్యా. విత్తనం చెనిక్కాయలు మూటల్లోనే ఉండిపాయె. శింగనమల చెరువే నెర్రెలిచ్చిందంట, మన బావులు ఏపాటివి అని పెద్దోళ్ళు అరుగుల మీద కూచొని మాట్లాడుకుంటాండ్రి. మా అమ్మానాయనలు కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొడతాండ్రి. ఊరికంతా ఒక్క బోరింగు. దాని దగ్గర కడవల వరస వీధి మలుపు దాకా ఉండె. ఎంతసేపు కొట్టినా బుస్సు బుస్సుమని గాలి, నడుమ నడుమ ఇన్ని నీళ్ళు. జేజి మొకం కడిగిన నీళ్ళు కూడా పారబొయ్యనీకుండా పళ్ళెంలో పట్టి కోళ్ళకు పెడతాండె. ఆ ఏడు ఆట వద్దనుకున్యారు పెద్దోళ్ళు. వేషాల పెట్టెకు జేజినాయన తాళం వేసేసినాడు.

ఆ కరువులోనే మా బడికి కొత్త టీచరమ్మ వచ్చె. కోస్తా మనిషి. "ఏం చేస్తున్నారర్రా?" అని ఆమె అంటే మేం నగుతాంటిమి. "యాడికి పోతాండావు టీచర్?" అని మేమంటే ఆమె నగుతాండె. మద్యానం గంజి తాగినాంక పిల్లోళ్ళంతా పలకల మీద తలకాయ పెట్టి తూగుతాంటిమి. గంజి పల్చన, కడుపు సగమే. మమ్మల్ని తిట్టి లేపాలనిపించల్యా ఆమెకు. ఒకనాడు సుద్దముక్క కింద పెట్టి, "మీ ఊళ్ళో నాటకాలు బాగా ఆడతారటగా. మీ కోసం ఆడేది ఏదైనా ఉందా?" అనె. మా కోసమా? మా కోసం ఎవరాడతారు?

"అయితే మనమే ఆడదాం. మీరే ఆడండి, మీరే చూడండి," అనె ఆమె. "వాన ఎక్కడో దాక్కుంది. జంతువులన్నీ కలిసి వెతకడానికి బయల్దేరాయి. ఎవరికి దొరుకుతుంది?"

"కప్పకి!" అని అందరమూ ఒక్కసారే అరిస్తిమి.

"కప్పకే ఎందుకు?"

ఆమెకు తెలీకపాయె, మేమే చెప్తిమి. వాన రానప్పుడు మా పక్క ఒక కప్పను పట్టుకొచ్చి రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు భుజాల మీద మోసుకుంటా ఇల్లిల్లూ తిప్పుతారు. కప్ప వాకిట్లోకొచ్చి నిలిస్తే ఆ ఇంటి ఆడమనిషి కడవతో నీళ్ళు తెచ్చి దాని మీద పొయ్యాల్సిందే. ఇంట్లో ఉండేది ఒక్క చెంబైనా సరే. కప్పను పొడి ఒంటితో పంపిస్తే వాన ఆ ఇంటోళ్ళ చేను దాటుకొని పోతాదని పెద్దోళ్ళ నమ్మకం. అయితే ఆ ఏడు ఆ పని కూడా జరగల్యా. బావులూ కుంటలూ అంతా ఎతికినా తిప్పను ఒక్క కప్పైనా దొరకల్యా.

"దొరక్కపోతే ఏం, మన నాటకంలో ఉంటుందిగా," అనె టీచరమ్మ. చుట్టూ చూసి నా దగ్గరకొచ్చి ఆగె. బడిలో అందరికంటే పొట్టిదాన్ని నేనే.

ఏడ్పొచ్చినాది. రాజు మనవరాలికి కప్ప వేషమా! నాకు నెమలి కావల్ల. నెమలిని పటేలోళ్ళ పాపకిచ్చినారు, ఆ పాప నడిస్తేనే తట్టుకొని పడతాది. నేను ఆ పూట గంజి కూడా తాగల్యా. టీచరమ్మ నన్ను పక్కన కూచోబెట్టుకొని, "నెమలి ఒకసారి వచ్చి వెళ్ళిపోతుంది. కథ మోసేది కప్పే," అనె. సరేలే అనుకుంటి. మనసులో మాత్రం ఆ నెమలి మీద నాకు ఇప్పటికీ కోపముండాది.

కప్ప అంటే పచ్చగా ఉండల్ల గదా. రంగు యాడిది? జేజినాయన పెట్టెలో మొకానికి పూసుకునే పసుపు పొడి ఉంటాది, అర్దళం అంటారు దాన్ని. దాంట్లో నీలిమందు కలిపితే పచ్చనైతాదని నా తెలివి. మద్యానం ఆయన అరుగు మీద కునుకు తీస్తాంటే మొలతాడుకుండే తాళంచెవి మెల్లగా ఇప్పుకొని పోయి పెట్టె తీస్తి. టెంకాయనూనె, కర్పూరం, పాత పట్టుగుడ్డలు, చెమట, అన్నీ కలిసిన వాసన గుప్పుమనె. ఇప్పటికీ పాత పెట్టె ఏదైనా తెరిస్తే ఆ వాసన కోసమే ఎతుకుతా.

"ఎవరే అది?"

వెనక్కి తిరిగితే వాకిలి నిండుగా జేజినాయన. ఆయన వెనక మంత్రి తాత. ఆటలో మంత్రి వేషం కట్టేది ఆయనే, బయట కూడా జేజినాయనకు మంత్రే.

"రంగు కోసం జేజినాయనా. కప్పకి."

"కప్పకా?"

మంత్రి తాత నగినాడు. "నీకు తెలీదా అప్పా? ఆ కోస్తా టీచరమ్మ పిల్లోళ్ళతో ఆట ఆడిస్తాండాదంట. రాజు ల్యాడంట, పద్యం ల్యాదంట. ఆడేదీ పిల్లోళ్ళే, చూసేదీ పిల్లోళ్ళే. గొడ్లకు మేత ల్యాక మనం అమ్ముకుంటాంటే వీళ్ళకు ఆట కావల్లంట! కట్ట ఎక్కనియ్యద్దు నువ్వు."

"ఏమే, నిజమేనా?"

"నిజమే జేజినాయనా. నేనే కప్ప. మా ఆట చూడనీకి నువ్వు కూడా రావల్ల."

ఆయన అరుగు మీదికి పోయి కూచొని మీసం దువ్వుకున్యాడు. నేను పెట్టె మూత పట్టుకొని అట్లనే నిలబడింటి.

"చూడు పాపా, కట్టకు ఒక న్యాయముండాది. ఆట నడుమ జనం లేసిపోయినారంటే ఆ ఆటగాళ్ళు మళ్ళా ఆ కట్ట ఎక్కకూడదు. మా తాతల నుంచీ ఉండేది. ఎంతెంత మేళాలో గెజ్జెలిప్పుకొని పోయినాయి ఈ ఊర్లో. పిల్లోళ్ళని మీకు వేరే న్యాయం చెయ్యను. జనం కడాదాకా కూచున్యారా, ఏటేటా ఆడుకోండి. నడుమ లేసినారా, పిల్లోళ్ళ ఆట అనే మాట ఇంగ ఈ ఊర్లో వినపడకూడదు. నువ్వూ వేషం మాట ఎత్తకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా," అంటి. రంగు మాత్రం ఇయ్యల్యా ఆ పెద్దమనిషి.

తెల్లారి సంగతి చెప్తే టీచరమ్మ మొకం వాడిపాయె. అయినా పైటచెంగు బిగించి, "సరే, ఒక్కరు కూడా లేవకుండా ఆడదాం," అనె. ఆ పొద్దునుంచి మాకు ఆట తప్ప ఇంగో ద్యాస ల్యాదు. రోకలి నన్ను మొయ్యల్యాదని ఎద్దుల మెడ మీద పెట్టే కాడిమాను తెస్తిమి. జేజి పాతచీరతో దానికి ఉయ్యాల కట్టి, దాంట్లో నన్ను కూచోబెట్టి, ఇద్దరు పెద్దపిల్లోళ్ళు ముందొకడు ఎనకొకడు మోసేది. ఆ దున్నపోతులు నన్ను ఎన్ని మార్లు కింద పడేసినారో! ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. నేను చీరలో జారుకుంటా పోయి పొట్టోడి వీపుకు గుద్దుకుంటాంటి. రంగుకు వేపాకు నూరి గోనెసంచికి పూస్తిమి, మొకానికి కూడా. ఆ చేదు నా పెదాల మీద అట్లనే ఉండిపాయె, బెల్లం తిన్యా చేదే.

ఆట నాడు పొద్దు ఇంకా వాలకముందే పిల్లోళ్ళంతా వచ్చి కట్ట ముందర కూచుండ్రి. కరువు పని నుంచి వచ్చిన పెద్దోళ్ళు మొకాన దుమ్ము కూడా తుడుచుకోకుండా వెనక నిలబడ్రి. ఆడోళ్ళు చంటిపిల్లల్ని ఒళ్ళో వేసుకొని కూచుండ్రి. మా జేజి ముందరే ఉండె. జేజినాయన ఒక పక్క బండ మీద కట్టె ఆనించుకొని కూచున్యాడు, మొకంలో నగు ల్యాదు, కోపం ల్యాదు. ఆయన పక్కన మంత్రి తాత, ఎవరు లేస్తారా అని మెడ తిప్పుకుంటా చూస్తాండె.

మేక వచ్చి వానను గడ్డివామి కింద ఎతికె. కుక్క రోట్లో ఎతికె. నెమలి వచ్చి, నేననుకున్నట్టే తట్టుకొని పడె. పిల్లోళ్ళు పడీపడీ నగిరి. మా ఊరి ఆటలో పిల్లోళ్ళు మేలుకొని ఉండేది నేను అదే మొదలు చూడ్డం. "ఆడ ల్యాదురా వాన, గుడి వెనక చూడు!" అని కింద నుంచి అరుస్తాండ్రి. పెద్దోళ్ళకు కూడా నగువచ్చె. చానా నెలలకు నగిరి వాళ్ళు. తెర మాదిరి కట్టిన చీర ఎనక నుంచి చూస్తాంటే నా రొమ్ము ఉబ్బిపోయె.

అప్పుడు నేను. కాడిమాను ఉయ్యాల్లో వేపమండల నడుమ ఊగుకుంటా కట్ట ఎక్కితి. ఒక పాప ఇంటావిడ మాదిరి కడవతో నిలబడె. నీళ్ళు తాగనీకే ల్యావు గదా, అందుకని టీచరమ్మ ఖాళీ కడవే ఇచ్చి పోసినట్టు నటించమనింది. నేను నా మాట చెప్తి. "అమ్మా, గొంతెండి పోతాండాది. గుక్కెడు నీళ్ళు పొయ్యండమ్మా."

ఆ పాప కడవ వంచె. ఏమీ పడల్యా.

ముందర వరసలో నుంచి మా జేజి లేసె. లేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, వెనక్కి తిరిగి చూడకుండా పాయె. అయ్యో జేజీ! సొంత జేజే నన్ను ముంచేసిందే అనుకుంటి. ఆమెను చూసి పక్కింటామె లేసె. ఆమె వెనకాల ఇంగొకామె. చంటిపిల్లల్ని పక్కోళ్ళ ఒళ్ళో వేసి ఆడోళ్ళంతా లేసి పాయిరి. ఆడోళ్ళ సాపలు ఖాళీ. "లేసినారు చూడప్పా!" అని మంత్రి తాత గొంతు. టీచరమ్మ చీర ఎనక తల పట్టుకొని నిలబడింది. నా కండ్లల్లో నీళ్ళు కారుతాండాయి, వేపాకు రసం కండ్లల్లోకి పోయి మండుతాండాది. అయినా ఆట నిలపకూడదని టీచరమ్మ చెప్పిండె, అందుకని నేను నా మాటే మళ్ళా మళ్ళా అంటాంటి. "గుక్కెడు నీళ్ళు పొయ్యండమ్మా... గుక్కెడు నీళ్ళు..."

వీధి మలుపులో మా జేజి కనపడె. నెత్తిన కడవ. ఆమె వెనకాల వరసగా ఆడోళ్ళు, ఒకరి చంకలో బిందె, ఒకరి చేతిలో చెంబు.

"కప్పకు ఖాళీ కడవ వంచుతారా ఎవరన్నా? కప్ప పొడి ఒంటితో పోతే ఊరేం కావల్ల?" అని టీచరమ్మను తిట్టుకుంటా జేజి కట్ట ఎక్కి, కడవ ఎత్తి నా నెత్తిన కుమ్మరించె. ఒళ్ళు జల్లుమనె. అది ఆ పొద్దంతా బోరింగు దగ్గర నిలబడి తెచ్చిన నీళ్ళు! నాకే గుండె చివుక్కుమనె. ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చి పోసిరి. చెంబుడు నీళ్ళే ఉండే ముసలామె కూడా వచ్చి ఆ చెంబుడూ పోసె. వేపరంగు పచ్చగా కారుతాండాది, చీర ఉయ్యాల తడిసి బరువైపోయె, మోసేటోళ్ళు తడిసిరి. కింద ఉండే పిల్లోళ్ళు కట్ట ఎక్కి నా గోనెసంచి నుంచి కారే నీళ్ళ కింద నాలుకలు పెట్టిరి. ఇంగ ఆట యాడ, ఊరు యాడ, అంతా ఒకటైపాయె. నేను మాత్రం ఆపకుండా నా మాట చెప్తానే ఉంటి, ఈతూరి అరుస్తా చెప్తాంటి.

అంతా సద్దుమణిగినాంక మంత్రి తాత లేసినాడు. "బాగుండాది అప్పా, కాదనను. కానీ ఆట నడుమ జనం లేసినారు. న్యాయం న్యాయమే గదా."

ఊరంతా జేజినాయన దిక్కు చూసె. ఆయన బండ మీద నుంచి లేసి, మెల్లగా కట్ట ఎక్కి నా ముందరకొచ్చి నిలబడినాడు. నేను ఉయ్యాల్లో చలికి వణుకుతాంటి.

"లేసినారు మంత్రీ, నేనూ చూసినా," అన్యాడు. "నేను ఇన్నేండ్లు రాజు వేషం కట్టినా. యుద్ధంలో బాణం తగిలి పడిపోయి నీళ్ళు నీళ్ళు అని ఎన్ని మార్లు పద్యం పాడినానో నీకు తెల్సు, పక్కనే ఉంటివి. ఎవరన్నా ఒక చెంబు నీళ్ళు తెచ్చినారా నాకు? ఈలలేసినారు, చప్పట్లు కొట్టినారు, కూచున్న తావు నుంచి మాత్రం కదలల్యా. ఈ పాప అడిగితే తాగే నీళ్ళు తెచ్చి పోసినారప్పా. లేసిపోయినారంటావు, ఆటలోకి వచ్చినారంటా నేను."

మంత్రి తాతే ముందు చప్పట్లు కొట్టినాడు, అది కూడా చెప్పల్ల.

జేజినాయన కట్ట దిగి పోయి మేళంలో తాను కట్టే గెజ్జెలు తెచ్చి, గోనెసంచి కింద నా కాళ్ళకు ఆయన చేతులతోనే కట్టినాడు. అవి నా కాళ్ళకు చానా వదులు. నడిస్తే పాదాల మీదికి జారుతాండె. ఆ రాత్రంతా నేను వాటిని ఇప్పనియ్యల్యా, సంగటి కూడా వాటితోనే కూచొని తిన్యా.

వాన పడిందా అని అడుగుతారు ఈ కథ విన్నోళ్ళంతా. పడల్యా. ఆ ఏడు చుక్క పడల్యా, అబద్ధమెందుకు చెప్పల్ల. తెల్లారి బోరింగు దగ్గర కడవల వరస ఇంగా పొడుగాయె. మా జేజి దాంట్లో అందరికంటే వెనక నిలబడి, ఎవరేమన్నా కప్ప సంగతే చెప్తాండె.

వాన మర్సటేడు వచ్చె. పంట వచ్చినాంక పెద్దోళ్ళు ఆట పెట్టుకుంటే, దాని ముందర నాటి సాయంత్రం పిల్లోళ్ళ ఆట అని జేజినాయన దండోరా వేయించినాడు. టీచరమ్మ ఉన్నన్నాళ్ళూ ఏటేటా ఆడితిమి. తర్వాత ఆమెకు బదిలీ ఆయె, మేం పెద్దోళ్ళమైతిమి, టీవీలొచ్చె. ఇప్పుడు ఆటకట్ట ఉండే తావులో సిమెంటు రోడ్డు పోతాది. కప్పను తిప్పేటోళ్ళు ల్యారు. పోయిందిలే ఆ కాలం. దాని కోసం ఏడ్సను నేను, అది నాకిచ్చేది ఇచ్చేసింది.

ఏమిచ్చిందంటే, ఒకటి చెప్తా. ఆ మర్సటేడే, జేజినాయన నన్ను బెళుగుప్ప సంతకు తోలుకొని పోయినాడు. బొరుగులు, వేడి మిరపకాయ బజ్జీలు కొనిచ్చినాడు. ఎద్దుల దగ్గర నిలబడింటే యాడినుంచో వచ్చిన ఒక రైతు ఆయన్ని ఎగాదిగా చూసి, "నిన్ను యాడనో చూసినానన్నా. ఎవరు నువ్వు?" అనె. ఆ పక్క ఊర్లన్నిటికీ రాజు ఆయన. 'రాజు వేషం కట్టేది నేనే' అంటే చాలు, ఆ మనిషి దండం పెట్టి పక్కకు జరిగేటోడు.

జేజినాయన నా నెత్తిన చెయ్యి పెట్టి, సంత అంతా వినపడేట్టు చెప్పినాడు.

"కప్ప వేషం కట్టింది చూడు ఈ పాప, దీని జేజినాయన్ని."